నెల్లూరు నుంచి కౌలాలంపూర్‌కి ఒంటరిగా: ఒక్క రోజు ఎలా తిరగాలి, మొదటి నుంచి చివరి దాకా

పోయిన ఏడాది నేను మొదటిసారి ఒక్కదాన్నే దేశం దాటాను. వీపున ఒక సంచి, మెళ్లో పాస్‌పోర్టు పెట్టుకున్న చిన్న పర్సు, అంతే. వెళ్లింది కౌలాలంపూర్. రాకపోకలు పోను ఊరు తిరగడానికి నిండుగా దొరికింది ఒక్క రోజు. ఆ రోజు ఇప్పటికీ గంట గంటా గుర్తుంది. తిరిగొచ్చాక మూలాపేటలో మా వీధివాళ్లు, కాలేజీలో నా వెనక చదివిన పిల్లలు అడుగుతూనే ఉన్నారు: "ఎట్టా పోయావక్కా? ఎంతైంది? భయమేయలా?" అని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి మొదటిసారి ఒంటరిగా బయటి దేశం వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఒక్క రోజులో నగరం మొత్తం చూసేయాలనుకోకండి. పదిహేను చోట్ల పేర్లు రాసుకుని పరిగెత్తితే సాయంత్రానికి కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలదు. ఏదో ఒక దారం పట్టుకోండి. నేను పట్టుకున్నది నీళ్లు. కౌలాలంపూర్ రెండు నదులు కలిసేచోట పుట్టిన ఊరు. ఉదయం గుట్ట, మధ్యాహ్నం నదుల కలయిక, సాయంత్రం ఒక వంతెన. మూడే పెట్టుకున్నాను. మధ్యలో తిండి, వాన, నడక వాటంతట అవే వచ్చి చేరాయి.

మొదటి అడుగు: సగం భాష తెలిసిన ఊరు ఎంచుకోండి

మొదటి ఒంటరి ప్రయాణానికి యూరప్ దాకా పోనక్కర్లేదు. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానాలున్నాయి, సుమారు నాలుగు గంటలు. అసలు కారణం అది కాదు. నెల్లూరోళ్లకి మద్రాసు రాకపోకల వల్ల అరవం ఎంతో కొంత చెవిన పడే ఉంటుంది. అక్కడ తమిళం మాట్లాడేవాళ్లు అడుగడుగునా కనిపిస్తారు. ఇంగ్లీషు చాలామందికి వచ్చు. మలయ్ భాషని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి బోర్డులు చదవగలం.

ఆ భాషలో మన మాటలు ఎన్ని కలిసిపోయాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. భాషని బహాసా అంటారు, భూమిని బూమి అంటారు. భర్త సువామి, అంటే మన స్వామి. భార్య ఇస్తెరి, మన స్త్రీ. అంగడిని కెదాయ్ అంటారు, అది అరవం కడై నుంచి వెళ్లిన మాట. తెలుగువాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో తోటల పనికి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు. వాళ్ల సంఘం 1955 నుంచీ నడుస్తోంది.

రెండో అడుగు: కాగితాలు

పాస్‌పోర్టు లేకపోతే నెల్లూరులోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పని అవుతుంది. పెద్దవాళ్లకి 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకి ఫీజు 1500 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అప్లికేషన్‌తో పాటు పదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పకుండా జత చేయండి. అది ఉంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్లే ముందు వలస అనుమతి కావాలనే ముద్ర, పడదు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాల్సిన దేశాల జాబితాలో మలేషియా కూడా ఉంది. ఆ ముద్ర ఉన్నవాళ్లు చూడ్డానికి వెళ్తున్నా విమానాశ్రయంలో నాలుగు ప్రశ్నలు ఎక్కువే ఎదుర్కోవాలి. ఇక్కడే ఇంకోటి కూడా చెప్పాలి. "టూరిస్టుగా వెళ్లు, అక్కడ పని ఇప్పిస్తాం" అనే ఏజెంట్ల మాట వినొద్దు. మన జిల్లాల్లో అట్లా వెళ్లి చిక్కుకున్నవాళ్ల ఇళ్లలో ఏడుపులు నేను చూశాను.

వీసా సంగతి సులువు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఈ సౌకర్యాన్ని 2026 చివరి దాకా పొడిగించారు. అయినా టికెట్ కొనే ముందు మలేషియా ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఇంకోసారి చూసుకోండి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. దిగడానికి మూడు రోజుల ముందు లోపల డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గుర్తుపెట్టుకోండి.

తిరుగు టికెట్, బస బుకింగ్, అరైవల్ కార్డు, మూడింటినీ కాగితం మీద ప్రింట్ తీసుకున్నాను. ట్రంకు రోడ్డులో జిరాక్సు అంగట్లో ఇరవై రూపాయల పని. కౌంటర్ ముందు నిలబడి ఫోన్లో స్క్రీన్‌షాట్ల కోసం వెతుక్కునే టెన్షన్ తప్పింది.

మూడో అడుగు: ఇంట్లోవాళ్లు

ఏ గైడులోనూ ఈ అడుగు రాయరు. మన దగ్గర ఆడపిల్లకి టికెట్ కన్నా ముందు ఇదే.

"ఒకదానివే ఎట్టా పోతావే? తోడెవరన్నా ఉంటే పో," అంది అమ్మ. నేను వాదించలేదు. ఒక తెల్ల కాగితం మీద నా రోజంతా రాశాను. ఒక వరసలో కౌలాలంపూర్ టైం, పక్క వరసలో మన టైం. అక్కడ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. దిగగానే, మధ్యాహ్నం, గదికి చేరాక అని మూడు ఫోన్లు ఎప్పుడు చేస్తానో ఎర్ర ఇంకుతో రాశాను. బస ఉన్న వీధి పేరు, విమానం నంబరు, అక్కడి అత్యవసర నంబరు 999, మన హైకమిషన్ నంబరు కింద రాసి ఫ్రిజ్ మీద అతికించాను. అమ్మ రెండు రోజులు దాన్ని చదివింది. మూడో రోజు, "ఈ రెండో ఫోను ఇంకో గంట ముందు చెయ్యి," అంది. అప్పుడు తెలిసింది ఒప్పుకుందని.

ఆ కాగితం రాస్తుంటే నాకే నా ప్లాన్‌లో లోపాలు కనబడ్డాయి. మగపిల్లలు కూడా రాసి పెట్టి వెళ్లండి.

నాలుగో అడుగు: డబ్బు, సంచి

అక్కడి డబ్బు రింగిట్. నేను వెళ్లినప్పుడు ఒక రింగిట్‌కి 20 రూపాయల చిల్లర. చెన్నైలో గుర్తింపు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర 200 రింగిట్ల నోట్లు తీసుకున్నాను, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకున్నాను. విమానాశ్రయం కౌంటర్లలో రేటు గిట్టదు. మన రూపాయల నోట్లు దేశం బయటికి 25 వేలకి మించి తీసుకెళ్లకూడదు. నోట్లన్నీ ఒకేచోట పెట్టొద్దు. నేను పర్సులో కొన్ని, సంచి అడుగున కొన్ని, మెళ్లో పర్సులో కొన్ని పెట్టుకున్నాను.

తక్కువ ధర టికెట్లకి చేతిసంచి 7 కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, మోకాళ్లు కప్పే ప్యాంటు, ఒక చున్నీ, మడత గొడుగు, కాళ్లకి అలవాటైన చెప్పులు, పవర్ బ్యాంకు చాలు. కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు. అక్కడ ప్లగ్గులు మూడు చదరపు పుల్లలవి. వాటికి సరిపోయే అడాప్టర్ ఇక్కడే కొనుక్కుంటే మంచిది.

అమ్మ ఆవకాయ సీసా కట్టబోయింది. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు పంపరు. నూనె తేలే పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది, చెకింగ్ దగ్గరే తీసి పడేస్తారు. వేరుశనగ చిక్కీ పట్టుకెళ్లాను. ఎవరైనా "ఈ చిన్న ప్యాకెట్ మా వాళ్లకి ఇవ్వు" అంటే తీసుకోవద్దు. మత్తుమందుల విషయంలో అక్కడ చట్టం చాలా కఠినం. సంచిలో ఉన్న ప్రతి వస్తువు మీ చేత్తో మీరే సర్దినదై ఉండాలి.

ఐదో అడుగు: నెల్లూరు నుంచి విమానం దాకా

మనవాళ్లు చాలామంది నెల్లూరులోని మద్రాసు బస్టాండులో బస్సెక్కేస్తారు. విమానానికి వెళ్లేటప్పుడు నేను రైలే మేలంటాను. ఆంధ్రా బస్సులు ఇప్పుడు మాధవరంలో ఆపుతున్నాయి, అక్కడి నుంచి మీనంబాక్కం విమానాశ్రయానికి ఊరంతా దాటాలి. రైలైతే మూడు గంటల్లో చెన్నై సెంట్రల్. స్టేషన్ ఎదురుగా భూగర్భంలో మెట్రో. నీలం లైన్ బండెక్కితే మధ్యలో మారకుండా నేరుగా విమానాశ్రయంలో దిగుతాం.

పొద్దున విజయవాడ నుంచి వచ్చే పినాకినిలో వెళ్లాను. మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాను. విమానం అర్ధరాత్రి. అంత ముందు ఎందుకని మా అన్నయ్య అన్నాడు గానీ, గూడూరు దగ్గర బండి గంట నిలబడినా నాకు దిగులు లేదు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి. రాత్రి విమానమైతే మెట్రో పదకొండింటికల్లా ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: దిగాక మొదటి రెండు గంటలు

తెల్లవారుజామున దిగుతారు. ఇమిగ్రేషన్‌లో నన్ను అడిగింది మూడే: ఎన్నాళ్లు, ఎక్కడ బస, తిరుగు టికెట్ ఏది. ప్రింట్లు ముందుకి జరిపాను. అధికారి చూసి ముద్ర వేశారు. జవాబు పొట్టిగా, నిజం చెప్తే చాలు.

విమానాశ్రయం సెపాంగ్‌లో ఉంది, ఊరికి యాభై కిలోమీటర్లకి పైనే. ఊళ్లోని కేఎల్ (కౌలాలంపూర్) సెంట్రల్ స్టేషన్‌కి నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది గానీ టికెట్ 55 రింగిట్లు. అదే స్టేషన్‌కి బస్సు గంట పడుతుంది, అందులో నాలుగో వంతు ధరకి కాస్త అటూ ఇటూ. నేను బస్సే ఎక్కాను. కిటికీ బయట మైళ్ల కొద్దీ పామాయిల్ తోటలు. ఏడు దాటినా పూర్తిగా తెల్లారలేదు. వాళ్ల గడియారం ఊరి సూర్యుడికన్నా ముందు నడుస్తుంది. సాయంత్రం కూడా ఏడు దాటాకే పొద్దుగూకుతుంది. రోజు ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది మనకి మేలు చేస్తుంది.

విమానాశ్రయంలోనే టూరిస్ట్ సిమ్, సెంట్రల్ స్టేషన్‌లో టచ్ ఎన్ గో కార్డు తీసుకున్నాను. రైళ్లు, బస్సులు అన్నిటికీ ఆ కార్డు గేటు మీద ఆనిస్తే సరిపోతుంది. బస చైనాటౌన్‌లో, పసార్ సెని స్టేషన్‌కి నాలుగు నిమిషాల నడక. ఆడవాళ్ల డార్మిటరీలో మంచానికి 45 రింగిట్లు. విదేశీయులు రాత్రికి గదికి 10 రింగిట్ల టూరిజం పన్ను విడిగా కట్టాలి, అది మోసం కాదు. గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు, సంచి మాత్రం రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు. చిన్న భుజం సంచితో బయటపడ్డాను.

ఏడో అడుగు: ఉదయం గుట్ట మీదికి

బాతు కేవ్స్‌కి, అంటే గుట్టలోని గుహల్లో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి, పొద్దున్నే వెళ్లండి. తొమ్మిదిన్నర దాటితే ఎండ, టూరిస్ట్ బస్సులు రెండూ మొదలవుతాయి. కేఎల్ సెంట్రల్ నుంచి కేటీఎం కొమ్యూటర్ రైలు నేరుగా గుట్ట కింద దాకా వెళ్తుంది. అదే ఆఖరి స్టేషన్ కాబట్టి దిగడం మర్చిపోయే ప్రమాదం లేదు. టికెట్ మూడు రింగిట్లలోపే. బళ్లు అరగంటకో, గంటకో ఒకటి, వేళలు ముందే చూసుకోండి. మధ్యలో గులాబీ రంగు బోర్డులున్న పెట్టెలు ఆడవాళ్లకి మాత్రమే. నేను వెళ్లేటప్పుడు అందులోనే కూర్చున్నాను. పక్కన కాలేజీ పిల్లలు బొట్టు పెట్టుకుని అరవంలో కబుర్లు చెప్పుకుంటుంటే గూడూరు లోకల్లో ఉన్నట్టే అనిపించింది.

స్టేషన్ బయటికి రాగానే సుబ్రహ్మణ్యస్వామి. 42.7 మీటర్ల బంగారు రంగు విగ్రహం, 2006లో ప్రతిష్ఠించారు. ఆయన పక్కనుంచి 272 మెట్లు. 2018లో ఆ మెట్లకి ఇంద్రధనుస్సు రంగులన్నీ వేశారు. గుట్ట మొత్తం సున్నపురాయి. ఇక్కడ గుడి కట్టించింది తంబుసామి పిళ్లై అనే తమిళ వ్యాపారి, 1890 ప్రాంతంలో. తైపూసం ఉత్సవం 1892 నుంచి జరుగుతోంది. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే ఆ రోజున లక్షల మంది కావళ్లు మోస్తూ వస్తారు. ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ తేదీ తప్పించుకోండి. స్వామిని చూడ్డానికే వెళ్లేవాళ్లు ఆ రోజే వెళ్లండి.

మోకాళ్లు కనబడే బట్టలైతే కింద లుంగీ లాంటి గుడ్డ అద్దెకి తీసుకోవాలి. పెద్ద గుహకి టికెట్ లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి. వంద మెట్లకోసారి పక్కకి జరిగి నిలబడండి, తొందరేం లేదు.

కోతుల గురించి గట్టిగా చెప్తాను. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే అందులో తిండి ఉన్నట్టే వాటి లెక్క. నా కవర్లో అరటిపళ్లు రెండున్నాయి. నూట యాభయ్యో మెట్టు దగ్గర ఒక పెద్ద కోతి వచ్చి కవరు రెండో కొస పట్టుకుంది. వెంటనే వదిలేశాను. నా ముందున్న ఒకాయన లాగబోతే పళ్లు చూపించింది. కరిస్తే ఆసుపత్రి, ఇంజెక్షన్లతో రోజంతా పోయేది. తినేవన్నీ సంచి లోపల జిప్ వేసి ఉంచండి, కళ్లజోడు జాగ్రత్త.

పైకెక్కాక గుహ లోపల చల్లటి గాలి ఒక్కసారిగా మొహానికి తగిలింది. కప్పు ఎంత ఎత్తో తలెత్తి చూసినా అంతుచిక్కలేదు. ఇంకా లోపల కొన్ని మెట్లెక్కితే అక్కడ కప్పు లేదు, గుండ్రటి ఆకాశం. దాని అంచుల నుంచి ఊడలు కిందికి వేలాడుతున్నాయి. రాత్రి వాన నీళ్లు ఒక్కో చుక్కా చాలా ఎత్తు నుంచి పడి నేల మీద పగులుతున్నాయి. సన్నాయి ఆగినప్పుడల్లా ఆ చప్పుడు వినబడుతోంది. పూజారి విభూతి ఇస్తూ "ఎంద ఊరు?" అన్నారు. నెల్లూరన్నాను. "ఓ, నెల్లూర్!" అని ఇంకో చిటికెడు పెట్టారు. అక్కడ అరగంట ఊరికే కూర్చున్నాను. ఒంటరిగా వెళ్తే దక్కేది ఇదే. పద పద అనేవాళ్లు ఉండరు.

ఎనిమిదో అడుగు: తిండి ఎలా అడగాలి

దిగొచ్చాక ఆకలి. మామక్ హోటళ్లు వెతకండి, తమిళ ముస్లింలు నడిపేవి. చాలావాటిలో రాత్రీ పగలూ తిండి దొరుకుతుంది. రోటీ చనాయ్ అంటే మన పరోటా చుట్టమే. పిండిని గాల్లో విసిరి పల్చగా చేసి మడతలు పెట్టి కాలుస్తారు, పక్కన పప్పు పులుసు. ఒకటి రెండు రింగిట్ల చుట్టుపక్కల. దాంతో తెహ్ తారిక్. తారిక్ అంటే లాగు అని అర్థం. రెండు మగ్గుల మధ్య టీని బారెడు ఎత్తు నుంచి లాగి పోస్తారు, నురగ వస్తుంది. తలుపుల మీద కూడా అదే మాట రాసి ఉంటుంది, అక్కడ కూడా లాగమనే. నెట్టమంటే తోలక్. తీపి ఎక్కువ వేస్తారు కాబట్టి "కురాంగ్ మానిస్" అని చెప్పండి, తక్కువ తీపితో ఇస్తారు.

నీళ్లని ఆయెర్ అంటారు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే గాలి అనుకుంటాం. ఎంత అనడానికి బెరాపా, పార్సిల్‌కి బుంగ్‌కుస్, మరుగుదొడ్డికి తందాస్, బయటికి దారి కెలువార్, థ్యాంక్స్‌కి తెరిమా కాసీ. ఈ ఆరు మాటలు అరచేతిలో రాసుకున్నా తప్పులేదు. ఇంకోటి నాకు బాగా నచ్చింది. పేరు తెలియనివాళ్లని వాళ్లూ వరసలతోనే పిలుస్తారు. అక్కని కాకాక్ అంటారు, పిలిచేటప్పుడు కాక్. అన్నని అబాంగ్, పిలిస్తే బాంగ్. అంగట్లో ఆవిడని "కాక్" అని పిలవగానే ఆవిడ మాట్లాడే తీరే మారిపోయింది.

నాసీ లెమాక్ తప్పక తినండి. కొబ్బరిపాలలో వండిన అన్నం, ఎర్రటి సంబల్ కారం, వేయించిన ఎండు నెత్తళ్లు, వేరుశనగలు, గుడ్డు, దోసకాయ ముక్క. అరటాకు విప్పగానే వచ్చిన నెత్తళ్ల వాసనకి మైపాడు గుర్తొచ్చింది. శాకాహారులు జాగ్రత్త, సంబల్‌లోనే చేపలుంటాయి. మీకు కేఎల్ సెంట్రల్ పక్కన బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరటాకు భోజనం ఉంది. అన్నం, రసం, అప్పడంతో మన మెస్సులాగే పెడతారు.

తొమ్మిదో అడుగు: రెండు నదుల దగ్గర

మళ్లీ రైల్లో కేఎల్ సెంట్రల్‌కి వచ్చి, ఎల్‌ఆర్‌టీ (మన మెట్రో లాంటి రైలు) ఎక్కి మస్జిద్ జామెక్ స్టేషన్‌లో దిగండి. ఈ లైన్ రైళ్లకి డ్రైవర్ ఉండడు. ముందు పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడితే పట్టాలు మనమే నడుపుతున్నట్టుంటాయి.

కువాలా అంటే నదులు కలిసేచోటు, లుంపూర్ అంటే బురద. మనకి పెన్న ఒడ్డున సంగం ఉన్నట్టే ఇదీ సంగమం పేరుతో ఉన్న ఊరే. క్లాంగ్, గోంబాక్ నదులు ఇక్కడ కలుస్తాయి. 1857లో తగరం గనుల కోసం 87 మంది చైనా కూలీలు పడవల్లో ఎదురెక్కి ఈ సంగమం దగ్గర దిగి అడవిలోకి నడిచారు. మలేరియాతో వాళ్లలో చాలామంది నెలరోజులైనా బతకలేదని చెప్తారు. ఆ గనుల సరుకు కోసం వెలిసిన బురద రేవే ఈ ఊరు. రెండు నదుల మధ్య మొనమీద 1909లో కట్టిన మసీదు ఉంది, ఎర్ర ఇటుక, తెల్ల గుమ్మటాలు, చుట్టూ కొబ్బరి చెట్లు. నమాజు వేళల్లో సందర్శకుల్ని పంపరు. మిగతా వేళల్లో వెళ్లొచ్చు, పైన వేసుకునే అంగీ వాళ్లే ఇస్తారు.

నేను వంతెన పిట్టగోడ దగ్గర నిలబడి నీళ్లు చూశాను. సిమెంటు గోడల మధ్య పాలు పోసిన కాఫీ రంగులో పారుతున్నాయి. ఎడమపక్క నుంచి వచ్చే నీళ్లు కాస్త ముదురు రంగు, కుడివైపువి లేత. కలిసిన చోట కొంత దూరం దాకా ఒక గీత కనబడి తర్వాత చెరిగిపోయింది. ఎండాకాలం ఇసక తిన్నెలు తేలిన మా పెన్నని చూసిన కళ్లకి, ఊరి నడిబొడ్డున రెండు నదులు ఆగకుండా పారుతుంటే ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

అక్కడి నుంచి ఐదు నిమిషాలు నడిస్తే మెర్దెకా మైదానం. 1957 ఆగస్టు 30 అర్ధరాత్రి ఇక్కడే బ్రిటిష్ జెండా దించారు. మనకి పదేళ్ల తర్వాత, మనలాగే అర్ధరాత్రి, అదే ఆగస్టు నెల. ఎదురుగా 1897లో కట్టిన సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం, గడియార స్తంభంతో. ఒక ఫోటో తీసుకుని ముందుకి కదలొచ్చు.

మధ్యాహ్నం వాన పడుతుంది. పడకపోతే అదృష్టం అనుకోండి. మూడింటికి మొదలై గంటసేపు కుండపోతగా కురిసింది. అందుకే ఆ వేళకి కప్పు కింద ఉండేట్టు ప్లాన్ చేసుకోవాలి. సెంట్రల్ మార్కెట్ దానికి సరిపోతుంది. 1888లో చేపలు, కూరగాయల సంతగా మొదలై ఇప్పుడు చేతిపనుల బజారైంది. బాతిక్ గుడ్డ మీద మైనంతో గీతలు గీసే చోటు ఉంటే ఆగి చూడండి. అమ్మకి ఒక బాతిక్ కండువా కొన్నాను. చెప్పిన ధరకి కాస్త తగ్గించి అడగొచ్చు, మన పెద్ద బజారులో లాగే.

వాన వెలిశాక పెటాలింగ్ స్ట్రీట్ పక్క వీధిలో 1873 నాటి మహామారియమ్మన్ గుడి. తైపూసానికి బాతు కేవ్స్‌కి వెళ్లే వెండి రథం ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. పొద్దున చూసిన గుట్టకీ ఈ గుడికీ ఉన్న బంధం అప్పుడు అర్థమైంది. గుడి ముందు మల్లెపూలు మూరల్లో అమ్ముతున్నారు. వీధి చివరికి వచ్చి తల ఎత్తితే మెర్దెకా 118 భవనం, 678.9 మీటర్లు, ప్రపంచంలో ఎత్తులో రెండోది.

ఈ వేళకి బసకి వెళ్లి స్నానం చేసి గంట పడుకోండి. నేను ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయి పడుకున్నాను. దాని ఫలితం తర్వాత చెప్తాను.

పదో అడుగు: సాయంత్రం తాంబూలం వంతెన

అందరూ నేరుగా పెట్రోనాస్ జంట టవర్ల దగ్గరికి వెళ్తారు. మీరు ఒక స్టేషన్ ముందు, కాంపుంగ్ బారులో దిగండి. చుట్టూ ఆకాశాన్నంటే మేడలు, మధ్యలో 1899లో మలయ్ వాళ్ల కోసం ఏర్పాటు చేసిన పల్లె. చెక్క ఇళ్లు, పెరట్లో కొబ్బరి, అరటి. సాయంత్రమయ్యేసరికి వీధంతా బొగ్గుల మీద చేపలు కాల్చే వాసన.

అక్కడ తిని, క్లాంగ్ నది మీద సలోమా వంతెన వైపు నడవండి. 2020లో తెరిచారు, నడిచేవాళ్ల కోసం కట్టినది. మలయ్ పెళ్లిళ్లలో తమలపాకుల్ని ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి పెడతారు. దాన్ని సిరిహ్ జుంజుంగ్ అంటారు, ఆ అమరికని చూసే ఈ వంతెన రూపం గీశారు. చీకటి పడ్డాక ఆకుల్లాంటి పలకలన్నీ ఒక్కో రంగులో వెలుగుతాయి. పెళ్లిళ్లలో తమలపాకు పెట్టే ఇంటి నుంచి వెళ్లినదాన్ని కాబట్టి నడుమ నిలబడి చాలాసేపు చూశాను. వంతెన అవతలికి నడిస్తే జంట టవర్లు, 452 మీటర్లు, 88 అంతస్తులు. మధ్య వంతెన 41, 42 అంతస్తుల్లో ఉంది. పైకెక్కాలంటే టికెట్ ముందే కొనాలి, సోమవారం ఉండదు. కింద పార్కులో ఫౌంటెన్ చూడ్డానికి మాత్రం డబ్బక్కర్లేదు. నేను కిందే గడ్డి మీద కూర్చున్నాను.

ఫోన్ సంగతి. కాంపుంగ్ బారులో ఇంకా తింటుండగానే ఆగిపోయింది. పవర్ బ్యాంకు బసలోనే మంచం మీద ఉంది. మ్యాప్ లేదు, ఇంటికి ఫోన్ చేసే వేళ దగ్గరపడుతోంది. గుండె ఝల్లుమంది. చొక్కా జేబులో మాత్రం పొద్దున రాసి పెట్టుకున్న చీటీ ఉంది: బస పేరు, వీధి, పసార్ సెని స్టేషన్. అంగట్లో ఆవిడకి చూపించి, "కాక్, ఫోన్ ఆగిపోయింది," అన్నాను. ఆవిడ తన ఛార్జర్ తీసి పాత్రల వెనకున్న ప్లగ్గులో పెట్టింది. ఫోన్ ఛార్జయ్యేదాకా కూర్చోమని స్టూలు జరిపి, చేప కాలుస్తూ మధ్యమధ్యలో ఊరు, అమ్మా నాన్నా, పెళ్లి గురించి అడిగింది. నేను అమ్మకి ఫోన్ చేసినప్పుడు తనూ "హలో అమ్మా" అంది. అమ్మ అటునుంచి తెలుగులో ఏదేదో చెప్పింది, ఆవిడ మలయ్‌లో జవాబిచ్చింది. తినే తిండికి తప్ప ఏమీ తీసుకోలేదు.

అందుకే ఆ చీటీ మాత్రం తప్పక రాసుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద.

రాత్రి తిరిగేటప్పుడు

రద్దీ ఉన్న వీధుల్లో రోడ్డుకి అవతలి భుజానికి సంచి తగిలించుకోండి. బైకుల మీద వచ్చి లాక్కుపోయే దొంగతనాలు అక్కడ ఉన్నాయి. పది దాటాక రైలు దిగి ఎక్కువ దూరం నడవాల్సి వస్తే గ్రాబ్ యాప్‌లో కారు పిలిచి, బండి నంబరు ఇంటికి పంపి ఎక్కండి. ఎవరైనా బసెక్కడ అని అడిగితే వీధి పేరు చెప్పక్కర్లేదు, "స్నేహితురాలు వస్తోంది" అంటే చాలు. పాస్‌పోర్టు అసలుది బస లాకర్‌లో పెట్టి, జిరాక్సు దగ్గరుంచుకున్నాను.

విమానం టికెట్ పోను, ఆ రోజుకి బస, పన్ను, తిండి, విమానాశ్రయం బస్సు రెండువైపులా, రైళ్లు అన్నీ కలిపి నాకు 140 రింగిట్లు అయింది. బాతిక్ కండువా విడిగా. మర్నాడు పొద్దున తిరుగు విమానమైతే సెంట్రల్ నుంచి బస్సు నాలుగు గంటల ముందే ఎక్కండి, ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పలేం.

టచ్ ఎన్ గో కార్డు పారేయకుండా తెచ్చుకున్నాను. కావలిలో మా పెద్దమ్మ కూతురు వచ్చే నెల వెళ్తోంది. కార్డు, అడాప్టర్, కాంపుంగ్ బారు అక్క అంగడి గుర్తులు గీసిన కాగితం దానికిచ్చాను. ఆ అక్క కోసం అమ్మ మలై కాజా పెట్టె కట్టింది, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి.